మట్టి పొరల్లో రోజు పొడవు వెతుకుతూ: ప్రాజెక్టు డైరీ

జనవరి 4

ఈ పని పంచాంగంతో మొదలైంది. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. డిసెంబరు చివర్లో ఒక అమ్మాయి లేచి, "సార్, ఉత్తరాయణం డిసెంబరు 22కే మొదలవుతుందని పుస్తకంలో ఉంది, మరి మకర సంక్రాంతి జనవరి 14న ఎందుకు చేస్తాం?" అని అడిగింది. పంచాంగం తెప్పించి అయనాంశ (రుతువుల లెక్కకి, నక్షత్రాల లెక్కకి మధ్య పెరిగిన తేడా) చూపించాను. 24 డిగ్రీలు దాటింది. వేగం తగ్గిన బొంగరం తల తిప్పినట్టు భూమి అక్షం కూడా మెల్లగా తల తిప్పుతుంది. ఏడాదికి దాదాపు 50 వికలలు (వికల అంటే డిగ్రీలో 3,600వ వంతు). చుట్టూ ఒకసారి తిరిగి రావడానికి 25,700 ఏళ్లు. ఇంతవరకు బాగానే చెప్పాను.

"ఈ వేగం ఎప్పుడూ ఇంతేనా సార్?" అంది.

కాదని తెలుసు. 140 కోట్ల ఏళ్ల కిందట రోజుకి 18.7 గంటలే ఉండేవని, అక్షం ఇలా తల తిప్పడం, అంటే అయనచలనం, ఇప్పటికంటే చాలా వేగంగా ఉండేదని చైనా రాళ్లలోంచి లెక్క తీశారని 2018లో చదివాను. ఎలా తీశారో మాత్రం బోర్డు మీద చెప్పలేకపోయాను. ఆ లోటు నన్ను వారం రోజులుగా నిద్రపోనివ్వడం లేదు. సంక్రాంతి సెలవుల్లో మొదలుపెట్టి, ఉచితంగా దొరికే డేటాతో, నా పాత ల్యాప్‌టాప్ మీద పైథాన్‌తో ఆ దారి మొత్తం నడవాలని నిర్ణయించుకున్నాను. రోజూ చేసింది ఇక్కడ రాసుకుంటాను.

జనవరి 6

కంప్యూటర్ ముట్టుకోకుండా రోజంతా కాగితం మీదే లెక్కలు.

కదిలేది భూమి అక్షం ఒక్కటే కాదు. గ్రహాల లాగుడు వల్ల భూమి కక్ష్య కూడా మెల్లగా తిరుగుతూ, కొన్ని పదుల వేల ఏళ్లు గుండ్రంగా, కొన్ని పదుల వేల ఏళ్లు కోలగా మారుతుంది. ఈ కదలికని కొన్ని స్థిరమైన వేగాల మొత్తంగా రాయొచ్చు. గురుడి పేరున ఏడాదికి 4.26 వికలలు, శుక్రుడి పేరున 7.46, కుజుడి పేరున 17.92. భూమి అక్షానిది 50.48. పూర్తి చుట్టు 12,96,000 వికలలు కాబట్టి, భాగిస్తే ఏళ్లు వస్తాయి.

అక్షం వేగానికి గురుడిది కలిపితే 54.74, అంటే 23,700 ఏళ్లు. శుక్రుడిది కలిపితే 22,400. కుజుడిది కలిపితే 19,000కి కాస్త తక్కువ. ఎండాకాలంలో భూమి సూర్యుడికి దగ్గరగా ఉందా దూరంగా ఉందా అన్నది ఈ లయలో మారుతుంది. (ఈ వారంలోనే భూమి సూర్యుడికి అతి దగ్గరగా వచ్చింది. మనకి చలికాలంలో! సుమారు 11,000 ఏళ్ల కిందట ఇది మన ఎండాకాలంలో జరిగేది.) అక్షం వంపు మారే లయ 50.48 నుంచి 18.85 తీసేస్తే వస్తుంది: 41,000 ఏళ్లు.

ఇక కక్ష్య కోలదనం. అది రెండు గ్రహాల వేగాల తేడా. శుక్రుడిలోంచి గురుడిని తీసేస్తే 3.20, అంటే 4,05,000 ఏళ్లు. కుజుడిలోంచి గురుడిని తీస్తే 95,000, శుక్రుడిని తీస్తే 1,24,000.

ఇక్కడ పెన్సిల్ ఆగిపోయింది. కోలదనం లెక్కల్లో 50.48 ఎక్కడా లేదు. అది గ్రహాల సొంత వ్యవహారం. అయనచలనం లెక్కలో మాత్రం 50.48 ఉంది. అంటే ఒకే రాతిలో ఈ రెండు లయలూ దొరికితే, ఒకదానితో ఇంకొకదాన్ని పోల్చి ఆ కాలంలో అక్షం ఎంత వేగంగా తిరిగిందో తీయొచ్చు. ప్రాజెక్టు మొత్తం ఈ ఒక్క వాక్యమే.

జనవరి 9

మొదటి డేటా: లిసీకీ, రేమో అనే శాస్త్రవేత్తలు 2005లో ప్రచురించిన ఎల్ఆర్04 అనే రికార్డు. ప్రపంచ సముద్రాల అడుగు నుంచి తీసిన 57 రికార్డులని కలిపి, 53 లక్షల ఏళ్ల చరిత్రగా కుట్టారు. సముద్రపు అడుగున బతికే ఫోరామినిఫెరా అనే సూక్ష్మజీవుల పెంకుల్లో ఆక్సిజన్-18 (బరువైన రకం ఆక్సిజన్) ఎంత ఉందో కొలుస్తారు. భూమి మీద మంచు పెరిగితే తేలిక ఆక్సిజన్ మంచులో చిక్కుకుంటుంది, సముద్రంలో బరువుది ఎక్కువవుతుంది, పెంకుల్లోకి అదే చేరుతుంది. అలా ఆ పెంకులు మంచుకి, లోతు నీటి చల్లదనానికి కొలత అయ్యాయి.

మొదటి వెయ్యి వరుసలు తీసుకుని స్పెక్ట్రమ్ (ఏ లయ ఎంత బలంగా ఉందో చూపే గీత) గీశాను. వేల ఏళ్లలో చెబితే 100 దగ్గర పెద్ద శిఖరం, 41 దగ్గర ఒకటి, 20 చుట్టుపక్కల ఇంకొకటి. మూడూ మొదటి ప్రయత్నంలోనే! రాత్రి పదకొండింటికి మా ఆవిడని లేపి మరీ చూపించాను.

జనవరి 11

ఆ 20 తప్పు. రెండు రోజులు దాన్ని అయనచలనం అనుకుని సంతోషపడ్డాను.

ఫైల్లో మొదటి 6 లక్షల ఏళ్లకి వరుసకి వెయ్యేళ్లు. ఆ తర్వాత 15 లక్షల ఏళ్ల వరకు వరుసకి 2 వేలు. తర్వాత 2,500. ఆఖర్న 5 వేలు. నేను వరుస నంబరునే కాలం అనుకున్నాను. 41,000 ఏళ్ల అల, వరుసకి 2 వేల ఏళ్లున్న చోట 20.5 వరుసలుగా కనబడింది. సరిగ్గా నేను వెతుకుతున్న అంకె దగ్గరే కనబడింది కాబట్టి అనుమానం రాలేదు.

ఇది రాసి పెట్టుకుంటున్నాను, ఎందుకంటే నేను చేసింది చిన్న తప్పు కాదు. నమ్మాలనుకున్నది కనబడగానే వెతకడం ఆపేశాను.

అంతా సమాన దూరానికి సర్ది, 5 లక్షల ఏళ్ల కిటికీ పెట్టి జరుపుతూ పోయాను. ఈసారి వచ్చిన బొమ్మ నిజమైనది, అందమైనదీ. పాత భాగంలో 41,000 ఏళ్ల లయ ఒకటే గట్టిగా, ఉయ్యాల ఊగినట్టు ఉంది. సుమారు 12 లక్షల నుంచి 7 లక్షల ఏళ్ల మధ్య అది తడబడి, తర్వాత లక్ష ఏళ్ల పెద్ద మంచు యుగాలు మొదలయ్యాయి. కక్ష్యలో ఆ సమయంలో కొత్తగా ఏ మార్పూ లేదు. మార్పు భూమి మీదే వచ్చింది. దానికి కారణం గురించి శాస్త్రవేత్తల మధ్య వాదన ఇంకా తెగలేదు.

జనవరి 13

భోగి పనుల మధ్య ఎల్ఆర్04 పేపర్ మళ్లీ నెమ్మదిగా చదివాను. చదివి కూలబడ్డాను.

ఆ పొరలకి వయసు ఎలా ఇచ్చారు? జూన్ 21న 65 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద పడే ఎండని కక్ష్య లెక్కల నుంచి తీసుకుని, దానితో నడిచే ఒక మంచు నమూనాకి డేటాని జత చేశారు. పొరలు పేరుకునే వేగం విపరీతంగా మారకుండా కట్టడి పెట్టిన మాట నిజమే. అయినా, కక్ష్య లయతో వయసు కట్టిన డేటాలో నేను కక్ష్య లయని వెతికి, దొరికిందని మురిసిపోయాను. తాళంచెవి నేనే లోపల పెట్టి, నేనే కనిపెట్టినట్టు.

వాళ్ల పనిలో లోపం లేదు, ఆ రికార్డు కట్టింది వేరే అవసరానికి. నా ప్రశ్నకి అది పనికిరాదు, అంతే.

మరి ఈ లయలు నిజమని మొదట ఎలా తెలిసింది? 1976లో హేస్, ఇంబ్రీ, షాకిల్టన్ దక్షిణ హిందూ మహాసముద్రం నుంచి తీసిన రెండు కోర్‌లు (అడుగులోకి గొట్టం దింపి తీసిన మట్టి కడ్డీలు) తీసుకుని, నాలుగున్నర లక్షల ఏళ్ల రికార్డు కట్టారు. ఉన్న కొద్ది తేదీల మధ్య మట్టి ఒకే వేగంతో పేరుకుందన్న సాదా ఊహతోనే, 23,000, 42,000, లక్ష ఏళ్ల దగ్గర శిఖరాలు చూపించారు.

నాకు దానికంటే నచ్చేది 1990 నాటి సంగతి. భూమి అయస్కాంత ధ్రువాలు ఆఖరిసారి తారుమారైంది 7,30,000 ఏళ్ల కిందట అని అప్పటికి అందరూ వాడుతున్న లెక్క. లావా రాళ్లలో పొటాషియం, ఆర్గాన్ కొలిచి చెప్పింది. షాకిల్టన్, ఆయనతో పనిచేసినవాళ్లు పసిఫిక్ మట్టిలో కక్ష్య లయలు లెక్కపెట్టి, అది 7,80,000 ఉండాలన్నారు. యాభై వేల ఏళ్ల తేడా! తర్వాత రెండు మూడేళ్లలోనే కొత్త ఆర్గాన్ పద్ధతితో లావాని మళ్లీ కొలిస్తే మట్టి లెక్కే నిలబడింది. బయటి సాక్ష్యంతో తప్పని తేలే అవకాశం ఉండి కూడా నిలబడిన లెక్క అది. నాకు కావలసింది అలాంటి పరీక్ష.

జనవరి 17

కనుమకి అత్తగారి ఊరు వెళ్లాం. గోదావరి లంక. తాపీ, టేపు, ఫోను పట్టుకుని గట్టు కోసుకుపోయిన చోటికి దిగాను. మట్టిని నిలువుగా చెక్కితే పొరలు పుస్తకం అంచులా బయటపడ్డాయి. ముతక ఇసుక, పైన మెత్తని ఒండ్రు, మళ్లీ ఇసుక. మీటరున్నర మేర ఫొటోలు తీసి, ప్రతి పొర మందం రాసుకున్నాను.

పక్కన అరటితోట బాబాయ్ వచ్చి కూర్చున్నాడు. ఒక జానెడు మందం పొర చూపించి, ఇది ఎన్నేళ్లదై ఉంటుందని అడిగాను.

"ఎన్నేళ్లేంటి మాస్టారూ, ఇది ఒక్క వరదది. నాలుగు రోజుల్లో వేసింది. దాని కిందున్న బెత్తెడులో పదేళ్లుంటాయి."

నేను చదివిన పేపర్లన్నింటిలోకీ సూటిగా చెప్పిన మాట ఇదే. లోతు కాలం కాదు. నది గట్టు ఈ పనికి అందుకే కుదరదు. గింజ గింజగా, వేల ఏళ్లపాటు, వరదలు తాకని చోట రాలిన మట్టి కావాలి. లోతైన సముద్రం కావాలి.

మన గోదావరి మట్టీ సముద్రంలోకే వెళ్లింది కదా అని వెతికితే ఒకటి దొరికింది. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ అనే నౌక గ్యాస్ హైడ్రేట్ల (మంచులో చిక్కుకున్న వాయువు) కోసం కృష్ణా గోదావరి బేసిన్‌లో తవ్వినప్పుడు, గోదావరి నోటికి ఎదురుగా తీసిన కోర్ ఒకటుంది. నది మోసుకొచ్చిన ఆకుల మైనాన్ని అందులో కొలిచి, గత పదివేల ఏళ్లలో పరీవాహకం ఎలా ఎండుతూ వచ్చిందో 2012లో రాశారు. ముఖ్యంగా 4,000 నుంచి 1,700 ఏళ్ల కిందటి మధ్య కరువు తట్టుకునే మొక్కలు పెరిగాయి. ఎండాకాలపు సూర్యుడు మెల్లగా దూరమైన కాలం అదే. నా లెక్కకి మాత్రం అది సరిపోదు, అయనచలనం అలలో సగమే అందులో ఉంది. ఒక్క అల కూడా పూర్తికాని చోట లయ వెతకలేం. మనసొప్పక పక్కన పెట్టాను.

జనవరి 21

సరైన మట్టి దొరికింది. ఓడీపీ (సముద్రపు అడుగుని తవ్వే అంతర్జాతీయ కార్యక్రమం) సైట్ 1262: దక్షిణ అట్లాంటిక్‌లో, నమీబియాకి ఎదురుగా ఉన్న వాల్విస్ రిడ్జ్ మీద 2003లో తవ్విన కోర్. అందులో 5.5 కోట్ల ఏళ్ల నాటి భాగం. ఎరుపు ఎంత, పచ్చదనం ఎంత అని కోర్ రంగుని వరుసగా కొలిచిన అంకెలు. సున్నం ఎక్కువున్న పొర పాలిపోయి, బంకమట్టి ఎక్కువున్నది ఎర్రగా ఉంటుంది. స్టీఫెన్ మయర్స్ అనే శాస్త్రవేత్త ఆర్ ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ఆస్ట్రోక్రాన్ ప్యాకేజీలో ఈ డేటా నేరుగా దిగుతుంది. ముఖ్యంగా, ఇది మీటర్లలో ఉంది. ఏళ్లలో లేదు. ఎవరూ ముందే కాలం పూయలేదు.

గ్రాఫ్ గీయగానే కంటికే ఆనింది. చిన్న అలలు గుత్తులుగా ఉన్నాయి. నాలుగైదు చిన్న అలలు ఎత్తుగా లేచి, తర్వాత సన్నబడి, మళ్లీ లేస్తున్నాయి. ఆ గుత్తులు నాలుగేసి కలిసి ఇంకా పెద్ద గుత్తి. 20 వేలు, లక్ష, 4 లక్షలు. జనవరి 6న కాగితం మీద వేసిన నిష్పత్తులు.

గుత్తి ఎందుకు ముఖ్యమంటే, కక్ష్య గుండ్రంగా ఉన్నప్పుడు దగ్గర, దూరం అనే తేడాయే ఉండదు. అప్పుడు అయనచలనం ఎంత తిరిగినా ఎండ మారదు, చిన్న అల చచ్చిపోతుంది. కక్ష్య కోలగా ఉన్నప్పుడు చిన్న అల బలంగా లేస్తుంది. అంటే చిన్న అల ఎత్తుని పెద్ద అల శాసించాలి. వట్టి శిఖరాలు ఎక్కడైనా దొరుకుతాయి, ఈ యజమాని సంబంధం అలా దొరకదు. మయర్స్ 2015లో పెట్టిన టైమ్‌ఆప్ట్ పద్ధతికి ఆధారం ఇదే. మట్టి పేరుకున్న వేగాన్ని ఊహించడం, దానితో మీటర్లని ఏళ్లుగా మార్చడం, చిన్న అల ఎత్తు కోలదనం లయలో పెరిగి తగ్గుతోందా అని మార్కులు వేయడం. వెయ్యేళ్లకి అర సెంటీమీటరు నుంచి మూడు సెంటీమీటర్ల వరకు ఊహలు మారుస్తూ నా సొంత కోడ్‌తో చేశాను. మార్కుల గీత ఒక సెంటీమీటరు దాటాక కొంచెం ముందుకెళ్లి ఒకే చోట నిటారుగా లేచింది.

ఈసారి ఎవరినీ నిద్ర లేపలేదు.

జనవరి 25

నాలుగు రోజులు ఆ ఫలితాన్ని పడగొట్టడానికే ప్రయత్నించాను.

కంప్యూటర్‌తో దొంగ మట్టి తయారుచేశాను. ఏ లయా లేని, పక్క విలువని కొంత గుర్తుంచుకునే రెడ్ నాయిస్. దాన్ని నా ఫిల్టర్‌లోంచి (అయనచలనం లయలని మాత్రమే వదిలే జల్లెడ) పంపితే చక్కని గుత్తులు! చాలా టెన్షన్ పడ్డాను. రోజంతా వెతికాక తెలిసింది: నా ఫిల్టర్ మరీ ఇరుకు. సన్నని సందులోంచి ఏ చప్పుడు పంపినా దానికి ఉబ్బులు, తగ్గులు అవే వస్తాయి. ఆ గుత్తులు మట్టివి కావు, సందువి. అయనచలనం శిఖరాలన్నీ హాయిగా పట్టేటంత వెడల్పు చేసి, 1262ని, వెయ్యి దొంగ మట్టులని ఒకే దారిలో పంపాను. 1262కి వచ్చిన మార్కుకి దగ్గరగా వచ్చిన దొంగవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఫలితం నిలబడింది. మొదటి మార్కు కన్నా కాస్త తగ్గింది, కానీ ఇప్పుడు దాన్ని నమ్ముతున్నాను.

ఫిబ్రవరి 3

షియామాలింగ్. ఉత్తర చైనాలో, 140 కోట్ల ఏళ్ల నాటి నల్లని బురదరాయి. పొరల్లో రాగి, అల్యూమినియం నిష్పత్తి కొలిచి అందులో లయలున్నాయని 2015లో చూపించారు. మయర్స్, మలిన్‌వెర్నో 2018లో దాన్నే వాడారు.

ఇక్కడ తెలియనివి రెండు: మట్టి పేరుకున్న వేగం, అక్షం తిరిగిన వేగం. రెండూ మారుస్తూ మార్కులు వేసి బొమ్మ గీస్తే, శిఖరం బదులు పొడుగాటి గట్టు వచ్చింది. మట్టి వేగం కొంచెం పెంచి అక్షం వేగం కొంచెం పెంచినా దాదాపు అంతే మార్కు. మూడు సాయంత్రాలు కుస్తీ పట్టాను. గట్టు కొంత కురచ అయింది తప్ప చుక్క కాలేదు. గ్రహాల వేగాలు ఇవాళ్టివే అనుకోవడం కూడా నా బలహీనత. సౌరకుటుంబం కదలికలో గందరగోళం వల్ల ఐదారు కోట్ల ఏళ్లకి మించి వెనక్కి కచ్చితంగా లెక్కించలేం. వాళ్లు ఆ గ్రహ వేగాలనీ తెలియనివిగానే ఉంచి, లక్షల ప్రయత్నాలతో అన్నింటినీ కలిపి అంచనా వేశారు. వాళ్లకి వచ్చింది ఏడాదికి 85.8 వికలలు, అటూ ఇటూ 2.7. ఆ అంకె ఈ దశలో నా అంతట నేను తీయలేను. దాన్ని తీసుకుని ముందుకు వెళ్తున్నాను.

ఫిబ్రవరి 8

85.8 నుంచి రోజు పొడవుకి. ఇంటర్ ఫిజిక్స్ చాలు.

సముద్రపు ఆటుపోట్ల రాపిడి భూమి భ్రమణాన్ని మెల్లగా తగ్గిస్తుంది. పోయిన కోణీయ ద్రవ్యవేగం (తిరిగే వస్తువులో ఉండే ఊపు) చంద్రుడికి చేరి, అతన్ని దూరం నెడుతుంది. ఇప్పుడు ఏడాదికి 3.8 సెంటీమీటర్లు. ఇవాళ చంద్రుడి కక్ష్యలో ఉన్నది భూమి భ్రమణంలో ఉన్నదానికి 4.87 రెట్లు, అది దూరం వర్గమూలంతో మారుతుంది. రెండింటి మొత్తం మారదనుకుంటే చంద్రుడి దూరం నుంచి రోజు వస్తుంది.

అక్షాన్ని తిప్పేది భూమి నడుము ఉబ్బు మీద చంద్రుడు, సూర్యుడు చేసే లాగుడు. చంద్రుడి వాటా 2.2 అయితే సూర్యుడిది 1. చంద్రుడి వాటా దూరం ఘనానికి విలోమంగా పెరుగుతుంది. వేగంగా తిరిగే భూమికి ఉబ్బు భ్రమణ వేగ వర్గంతో పెరుగుతుంది, కానీ అలాంటి భూమి తల తిప్పడానికి మొరాయిస్తుంది కూడా. రెండూ కొట్టేసుకున్నాక వేగం ఒకసారే మిగులుతుంది.

3,40,900 కిలోమీటర్లు పెట్టి చూశాను, వాళ్లకి వచ్చిన దూరం. రోజు 18.7 గంటలు, అక్షం 84 వికలలు. తర్వాత 85.8 రావాలంటే ఎంత దూరం కావాలో వెనక్కి వెతికాను: 3,39,300 కిలోమీటర్లు, రోజు 18.5 గంటలు. వాళ్ల 18.68కి, వాళ్లు ఇచ్చిన పావుగంట హద్దుకి లోపలే. సూర్యుడి వల్ల వచ్చే ఆటుపోట్లని వదిలేశాను, అక్షం వంపు ఇవాళ్టిదే అనుకున్నాను, అయినా ఇంత దగ్గరకి!

ఇంకొకటీ వేశాను. 140 కోట్ల ఏళ్లలో చంద్రుడు జరిగింది 43,500 కిలోమీటర్లు, అంటే సగటున ఏడాదికి 3.1 సెంటీమీటర్లే. ఇవాళ్టి రాపిడే ఎప్పుడూ ఉందనుకుని, దగ్గరైన కొద్దీ అది పెరుగుతుందనీ కలుపుకుని వెనక్కి వెళ్తే, చంద్రుడు సుమారు 150 కోట్ల ఏళ్ల కిందటే భూమిని తాకాలి. చంద్రుడి రాళ్లకేమో 400 కోట్ల ఏళ్లు దాటింది. ఇవాళ్టి సముద్రాల ఆకారం ఆటుపోట్లకి అసాధారణంగా కలిసొస్తోంది, పూర్వం రాపిడి తక్కువ అన్నది జవాబు. ఆ మాటని మట్టి కూడా చెబుతోంది.

ఫిబ్రవరి 11

క్లాసులో బోర్డు నిండా ఇదంతా వేశాను. సిలబస్‌లో లేదని ముందే చెప్పాను, ఎవరూ పుస్తకం మూయలేదు. 1963లో జాన్ వెల్స్ దాదాపు 40 కోట్ల ఏళ్ల కిందటి డెవోనియన్ కాలపు పగడాల మీద గీతలు లెక్కపెట్టి, అప్పటి ఏడాదికి దాదాపు 400 రోజులని చెప్పిన సంగతి కూడా చెప్పాను. పగడం గీతల్లో రోజులు లెక్కపెట్టడం వాళ్లకి చాలా నచ్చినట్టుంది.

పంచాంగం అడిగిన అమ్మాయికి ఒక అంకె ఇచ్చాను. పశ్చిమ ఆస్ట్రేలియాలో జోఫ్రే అనే ఇనుప పొరల రాయి, 246 కోట్ల ఏళ్ల నాటిది. దాని లయల నుంచి 2022లో తీసిన చంద్రుడి దూరం 3,21,800 కిలోమీటర్లు. అప్పటి రోజెంతో తీయమన్నాను. పది నిమిషాల్లో 16.97 గంటలని చెప్పింది. పేపర్లో ఉన్నది 16.9, అటూ ఇటూ 0.2.

అయితే వెంటనే, "దూరం, రోజు రెండూ ఒకే అక్షం వేగం నుంచి తీసినవేగా సార్? కలవక ఏమవుతాయి?" అంది. నిజమే. జనవరి 13న నన్ను కూలబెట్టిన ప్రశ్నే అది, నా నోట రాకముందే తను అడిగింది. దీనికి బయటి సాక్ష్యం ఆటుపోట్ల పొరలు. ఆటుపోట్లు రోజువారీగా వేసిన సన్నని గీతలు దక్షిణ ఆస్ట్రేలియాలోని ఎలటీనా రాయిలో ఉన్నాయి. 62 కోట్ల ఏళ్ల కిందట రోజుకి 21.9 గంటలని వాటిని లెక్కపెట్టి తేల్చారు. అందులో అయనచలనం ప్రమేయమే లేదు.

వచ్చే వారం ఎలటీనా కాలానికి దగ్గరలో కక్ష్య లయలున్న రాతి డేటా ఏదైనా ఉందేమో వెతకాలి. ఈలోగా షియామాలింగ్ గట్టు మీద గ్రహ వేగాలని కూడా వదిలేసి రన్ పెట్టాను. ల్యాప్‌టాప్ ఫ్యాన్ గట్టిగా మోగుతోంది, తెల్లారేదాకా పట్టేలా ఉంది.